సంక్రాంతి సెలవుల తర్వాత సిస్టమ్ లేవట్లేదు, బ్లూ స్క్రీన్ దగ్గరే తిరుగుతోంది

తెనాలి_డీటీపీ:
నాది చిన్న డీటీపీ షాపు. పండక్కి నాలుగు రోజులు కట్టేసి ఊరెళ్లొచ్చాను. ఇవాళ ఆన్ చేస్తే విండోస్ 10 చుక్కలు రెండు తిప్పులు తిరిగి, నీలం తెర, ఏడుపు ముఖం, కింద ‘ఇన్‌యాక్సెసిబుల్ బూట్ డివైస్’ అని, అంటే విండోస్ ఉన్న డిస్కు అందట్లేదట. తనంతట తానే రీస్టార్ట్ అయి మళ్లీ అదే. మదర్‌బోర్డు 2012లో కొన్నది. విండోస్, ఫైళ్లు ఉండే డిస్కు ఎస్ఎస్‌డీ, రెండేళ్ల కింద వేయించాను. మాఘమాసం పెళ్లికార్డుల ప్రూఫులు పదకొండు అందులోనే ఉన్నాయి. ఒకాయన స్టూలు మీద కూర్చుని నా ముఖమే చూస్తున్నారు. టెన్షన్‌గా ఉంది.

కీబోర్డు_రాజు:
ఎస్ఎస్‌డీ పోయుంటుంది బ్రో. లేదంటే ఫార్మాట్ కొట్టేయ్, అరగంట పని.

తెనాలి_డీటీపీ:
విండోస్ వరకే అయితే అరగంటే. పేజీలు కట్టే పేజ్‌మేకర్, ‘అను’ తెలుగు ఫాంట్లు, ప్రింటర్ డ్రైవర్ అన్నీ మళ్లీ ఎక్కించాలి. ఆ డ్రైవర్ సీడీ ఎక్కడ పెట్టానో నాకే గుర్తులేదు.

బోర్డు_రిపేరు:
ఫార్మాట్ జోలికి పోకండి. నీలం తెరకు ముందు నల్ల తెర మీద ఏమైనా అడిగిందా? ఏ కీ నొక్కారు? ఈ మధ్య టైమ్ తప్పుగా చూపిస్తోందా?

తెనాలి_డీటీపీ:
టైమ్ నెల నుంచీ తప్పేనండీ. రాత్రి తొమ్మిదింటికి షాపు కరెంటు మెయిన్ ఆపేసి వెళ్తాను. పొద్దున తెరిస్తే ఇంకా రాత్రి తొమ్మిదీ ఐదే అంటుంది. సరిచేసుకుని పని చేసుకుంటున్నా. ఇవాళ మాత్రం ఎఫ్1 అయితే సెటప్, ఎఫ్2 అయితే డిఫాల్ట్ అంది. సెటప్ అంటే భయమేసి ఎఫ్2 నొక్కాను.

బోర్డు_రిపేరు:
అక్కడే వచ్చింది తంటా. బోర్డు మీద రూపాయి బిళ్లంత సెల్ ఉంటుంది, సీఆర్2032, 3 వోల్టులది. మెయిన్ ఆపితే గడియారాన్నీ, బయోస్ (విండోస్ కంటే ముందు లేచే బోర్డు సొంత ప్రోగ్రామ్) సెట్టింగ్‌లనీ కాపాడేది అదే. నెల రోజులుగా నీరసపడి, ఈ నాలుగు రోజుల్లో చేతులెత్తేసింది. ఎఫ్2 నొక్కగానే సెట్టింగ్‌లన్నీ కొన్న రోజు నాటికి వెళ్లిపోయాయి. అందులో సాటా మోడ్ అని ఒకటుంటుంది, డిస్కుతో బోర్డు ఏ పద్ధతిలో మాట్లాడాలో చెప్పేది. ఆ కాలం బోర్డుల్లో చాలావాటికి అది ఐడీఈ అనే పాత పద్ధతి మీద ఉండేది. మీ విండోస్ ఏహెచ్‌సీఐ అనే కొత్త పద్ధతిలో వేసినదై ఉంటుంది. మోడ్ మారేసరికి తన డిస్కు తనకే కనపడక కూలిపోతోంది. డిస్కుకి ఏమీ కాలేదనే నా నమ్మకం.

ఆన్ చేస్తూనే డిలీట్ కీ టకటకా నొక్కండి, బయోస్ తెరుచుకుంటుంది. ముందు ఎస్ఎస్‌డీ పేరు కనిపిస్తోందో లేదో చూడండి. ఉంటే సాటా మోడ్‌ని ఏహెచ్‌సీఐకి మార్చి, తేదీ సరిచేసి, ఎఫ్10తో సేవ్ చేయండి. సెల్ మార్చేవరకు మెయిన్ ఆపకండి. మార్చేటప్పుడు మాత్రం వైరు పీకేయండి, మళ్లీ సెట్టింగ్ చూసుకోండి.

తెనాలి_డీటీపీ:
లేచిందండీ! సాటా మోడ్ దగ్గర ఐడీఈ అనే ఉంది. మార్చగానే ఎప్పటిలాగే డెస్క్‌టాప్ వచ్చేసింది. స్టూలు మీద ఆయనకి ప్రూఫ్ తీసిచ్చేశాను, పెళ్లికొడుకు ఇంటిపేరులో తప్పు పట్టుకుని వెళ్లారు. సెల్ పక్కనే వాచీల షాపులో దొరికింది. ఆయనే పాతదాన్ని మీటరు పెట్టి చూసి, రెండు వోల్టులు కూడా లేదన్నారు. బయోస్ పేజీ ఫోటో తీసి, ప్రింటు కొట్టి సీపీయూ డబ్బాకి అంటించాను.

కీబోర్డు_రాజు:
రాత్రిళ్లు మెయిన్ ఆపకుంటే సెల్ ఇంకా చాలాకాలం వస్తుందిగా?

తెనాలి_డీటీపీ:
షాపు నిండా కాగితమే బ్రో. మెయిన్ ఆపకపోతే నాకు నిద్ర పట్టదు. ఇంకో సెల్ కొని సొరుగులో పడేశాను.