పాత ప్రోగ్ రాక్ కీబోర్డు సౌండ్లు కొత్త సింథ్‌లో ఎలా తెస్తున్నారు?

వైజాగ్_కీస్:
నా దగ్గర 61 కీల వర్క్‌స్టేషన్ (రకరకాల సౌండ్లున్న సింథ్) ఉంది. కాలేజీ ఫెస్ట్‌కి మా బ్యాండు ‘వాచర్ ఆఫ్ ద స్కైస్’, ‘లక్కీ మ్యాన్’, ‘రౌండబౌట్’ వాయిద్దామనుకుంది. మెలోట్రాన్ (టేపులతో మోగే కీబోర్డు), మూగ్ (అనలాగ్ సింథ్), హామండ్ (ఎలక్ట్రిక్ ఆర్గన్) మూడూ ఈ ఒక్కదాంట్లోనే రావాలి. ఫ్యాక్టరీ ప్యాచ్‌లు (ముందే నింపి ఇచ్చిన సౌండ్లు) మరీ నున్నగా ఉన్నాయి. ఎక్కడ మొదలుపెట్టాలి? ఇంకోటి, పాట మధ్యలో ప్యాచ్ మారిస్తే ముందు సౌండు పుటుక్కున తెగిపోతోంది. మీరేం చేస్తున్నారు?

డ్రాబార్_దొర:
ముందు వెలాసిటీ (నొక్కే బలాన్ని బట్టి సౌండు మారడం) ఆపెయ్ తమ్ముడూ. హామండ్‌ని మెల్లగా నొక్కినా గట్టిగా బాదినా ఒకటే సౌండు, వాల్యూమ్ అంతా కాలి కింద పెడల్‌దే. డ్రాబార్లలో (సౌండులో ఏది ఎంత కలవాలో చెప్పే లాగుడు కడ్డీలు) మొదటి మూడూ పూర్తిగా లాగు, మిగతావి లోపలే ఉంచు. పర్కషన్ (నోటు మొదట్లో వచ్చే ‘టక్’) థర్డ్, ఫాస్ట్‌లో పెట్టు. వేళ్లన్నీ తీసి మళ్లీ నొక్కితేనే ఆ ‘టక్’ వస్తుంది, లెగాటోలో (వేళ్లు ఎత్తకుండా కలిపి వాయిస్తే) రాదు. అది లోపం కాదు, ఫోరంలో కంప్లైంట్ పెట్టకండి. హామండ్ బీ-3లో పర్కషన్ వేస్తే తొమ్మిదో డ్రాబార్ మూగబోతుంది. క్లోన్‌లో (హామండ్‌ని అనుకరించే కీబోర్డులో) అది మోగుతుంటే నాకు రెండు బార్లలో తెలిసిపోతుంది.

ఆదివారం_ఆర్గన్:
లెస్లీ (ఆర్గన్‌కి పెట్టే తిరిగే స్పీకరు పెట్టె) సరిగ్గా లేకపోతే ఏ డ్రాబారూ కాపాడదు సార్. పైన హార్న్, కింద డ్రమ్ము వేటికవి తిరుగుతాయి. ఫాస్ట్ నొక్కగానే హార్న్ గబుక్కున వేగం అందుకుంటుంది, డ్రమ్ము తాపీగా వస్తుంది. మజా అంతా ఆ కాసేపట్లోనే ఉంది. ఓవర్‌డ్రైవ్ (గరగర ఎఫెక్ట్) లెస్లీకి ముందు పెట్టాలి, తర్వాత కాదు. లెస్లీ 122 పెట్టెలో 40 వాట్ల ట్యూబ్ ఆంప్ గరగరలాడాకే కదా శబ్దం తిరిగేది! ఇంత చేసి చర్చికి వెళ్తే మైక్‌సెట్ అబ్బాయి ఎడమా కుడీ కలిపి మోనో చేసేస్తాడు. బూడిదలో పోసిన పన్నీరే.

టేపురాముడు:
మెలోట్రాన్ గురించి ఒక్కరూ మాట్లాడరేం? ఎం400 మోడల్లో 35 కీలు, కీకో టేపు, టేపు దాదాపు 8 సెకన్లు. అది అయిపోతే నిశ్శబ్దమే. నీ వర్క్‌స్టేషన్‌లో శాంపిల్ (రికార్డు చేసిన సౌండు ముక్క) లూప్ అయి, అంటే మళ్లీ మళ్లీ తిరిగి, తెల్లారేదాకా మోగుతుంది. దాన్ని మెలోట్రాన్ అనరు, రిసెప్షన్ స్ట్రింగ్స్ అంటారు. లూప్ తీసెయ్, రివర్బ్ తగ్గించు, పై ఫ్రీక్వెన్సీలు కాస్త కోసెయ్.

న్యూజెర్సీ_నోట్స్:
మళ్లీ మొదలైంది 8 సెకన్ల చాదస్తం. అప్పట్లో వాళ్లకది తలనొప్పి. లూప్ దొరికుంటే ఎగిరి గంతేసేవాళ్లు. ఫెస్ట్‌లో స్టాప్‌వాచ్ పట్టుకుని కూర్చునేదెవరండీ?

టేపురాముడు:
ఆ తలనొప్పి వల్లే ఆ వాయింపు అలా వచ్చింది. కార్డు చచ్చిపోకుండా వేళ్లు ఒక్కొక్కటే ఎత్తి మళ్లీ వేస్తుంటే లోపలి స్వరాలు కదులుతూ ఉంటాయి. లూప్ ఉంటే చెయ్యి పడేసి నిద్రపోవచ్చు. పైగా అన్ని టేపులకీ మోటార్ ఒక్కటే. ఎక్కువ కీలు నొక్కితే పిచ్ కాస్త కిందికి జారుతుంది. ఇదంతా ట్రాన్స్‌పోజ్ బటన్ (నొక్కితే కీబోర్డు శ్రుతి మార్చేది) బ్యాచ్‌కి చెప్పినా దండగే.

న్యూజెర్సీ_నోట్స్:
ట్రాన్స్‌పోజ్ ఎందుకొచ్చింది మధ్యలో? సింగర్‌కి గొంతు పట్టేస్తే మీరేం చేస్తారు, షో రద్దు చేసుకుంటారా?

టేపురాముడు:
ఆ కీలో వాయించడం నేర్చుకుంటా. మెలోట్రాన్‌లో నోటుకో రికార్డింగు. ట్రాన్స్‌పోజ్ నొక్కితే అదంతా సాగిపోయి పాడవుతుంది.

డ్రాబార్_దొర:
రాముడు గారూ, తప్పు చెప్పకండి. ట్రాన్స్‌పోజ్ అంటే పక్క కీ శాంపిల్‌ని పిలవడం, అంతే. శాంపిల్‌ని సాగదీసేది పిచ్ షిఫ్ట్. హామండ్ విప్పి 91 టోన్‌వీల్స్‌కీ (లోపల తిరిగి సౌండు పుట్టించే చక్రాలకి) నూనె పట్టించినవాణ్ణి, ఆ మాత్రం తెలుసు.

టేపురాముడు:
నూనె పట్టించినవాళ్లంతా ‘లక్కీ మ్యాన్’ కీబోర్డు వాయించిన ఎమర్సన్‌లు అయిపోరు సార్.

మోడరేటర్:
వ్యక్తిగతంగా వద్దు. ఇద్దరికీ చెప్తున్నా.

బెజవాడ_మూగ్:
ఎమర్సన్ పేరెత్తారు కాబట్టి. ‘లక్కీ మ్యాన్’ చివరి సోలో మినీమూగ్ అని ప్రతివాడూ అంటాడు. కాదు, 1970లో ఆయన వాయించింది మాడ్యులర్ మూగ్, విడి భాగాల్ని తీగలతో కలిపే పెద్ద సింథ్. తమ్ముడూ, స్క్వేర్ వేవ్, మోనో (ఒకసారికి ఒకే నోటు), గ్లైడ్ (నోటు నుంచి నోటుకి జారడం) బాగా పెంచు, సగం పనైపోతుంది. ‘రౌండబౌట్’ కీబోర్డు వాయించిన వేక్‌మన్ తరహా మినీమూగ్ లీడ్ కావాలంటే ఆసిలేటర్లని (సౌండు పుట్టించే భాగాలు) ఒకదానికొకటి వెంట్రుకవాసి డీట్యూన్ చెయ్యి, అంటే శ్రుతి తప్పించు, ఫిల్టర్ 24 డీబీలో పెట్టు, కోరస్ ఎఫెక్ట్ జోలికి వెళ్లకు. నోట్ ప్రయారిటీ ‘లో’కి మార్చు. అసలు మినీమూగ్‌లో రెండు కీలు నొక్కితే కిందిదే మోగుతుంది. కొత్తవి చాలావరకు చివర నొక్కినదాన్ని పలికిస్తాయి.

వైజాగ్_కీస్:
అన్నలూ, చాలా థ్యాంక్స్. ఆ ప్యాచ్ తెగిపోయే సంగతి...

న్యూజెర్సీ_నోట్స్:
ల్యాప్‌టాప్, ప్లగిన్ (సింథ్ సాఫ్ట్‌వేర్) పెట్టుకో. అన్ని గొడవలూ పోతాయి.

ఆదివారం_ఆర్గన్:
స్టేజి మీద ల్యాప్‌టాపా? క్రిస్మస్ ఆరాధన మధ్యలో మా వాళ్లది అప్‌డేట్ మొదలెట్టింది. పాస్టర్ గారు ప్రార్థన పొడిగించాల్సి వచ్చింది. తమ్ముడూ, మూడు సౌండ్లూ ఒకే పర్ఫార్మెన్స్‌లో పెట్టుకుని స్ప్లిట్‌తో (కీల్ని భాగాలు చేసి భాగానికో సౌండు) వాడు, పాట మధ్యలో మార్చే పనే ఉండదు.

డ్రాబార్_దొర:
61 కీల్లో మూడు స్ప్లిట్లా? ‘రౌండబౌట్’ సోలోకి చోటేది?

టేపురాముడు:
లూప్ తీసే ఆప్షన్ లేనివాళ్లకి: ఆంప్ ఎన్వలప్‌లో (నోటు వాల్యూమ్ ఎలా పెరిగి తగ్గాలో పెట్టే చోట) సస్టెయిన్ సున్నా, డికే పెంచుకుంటూ వెళ్లి 8 సెకన్ల దగ్గర చచ్చేలా చూసుకోండి. ఎటాక్ సున్నా, రిలీజ్ చాలా తక్కువ.

న్యూజెర్సీ_నోట్స్:
అసలుది 8 సెకన్లు నిండుగా మోగి టక్కున ఆగుతుంది కదా? మీదేమో మెల్లగా ఆరిపోతోంది. నకిలీకి కూడా నకిలీనా మాస్టారూ?

టేపురాముడు:
డికే కర్వ్ మార్చుకునే సింథ్ కొనుక్కోండి.