అప్‌డేట్: సిరొంచ కాలిబాటకు జిల్లా ఫండ్స్ అడిగినం కదా, ఏమైందంటే

పోయినసారి అడిగిన, మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లా సిరొంచ దగ్గర వడధం ఫాసిల్ పార్క్ (శిలాజాల పార్క్) దిక్కు అడవిల నడిచే బాటకు జిల్లా నియోజన సమితి (జిల్లాల పనులకు పైసలు మంజూరు చేసే కమిటీ) పైసలు అడగాల్నంటే గ్రామపంచాయతి నుంచి పోవాల్నా, ఫారెస్టోళ్ల ద్వారానా అని. అందరికీ థ్యాంక్స్ అన్నా, రెండూ కావాలన్నోళ్లే కరెక్ట్.

గ్రామసభ ఠరావు (తీర్మానం) లేకుంటే ఫైలు ముట్టనే ముట్టలే. 2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3(2)ల రోడ్లు, అంగన్‌వాడీల లాంటి వాటికి ఒక హెక్టారు లోపు అటవీ భూమి ఇయ్యొచ్చు, హెక్టారుకు 75 చెట్ల కంటే ఎక్కువ కొట్టొద్దు, గ్రామసభ సిఫారసు ఉండాలె. మా బాట మీటరున్నర వెడల్పు, 4 కిలోమీటర్లు, అంటే 0.6 హెక్టారే, చెట్టు కొట్టే పనే లేదు, చట్టంల రోడ్లు ఉన్నప్పుడు కాలిబాట ఎందుకు రాదని ఫారెస్టోళ్లను గట్టిగనే అడిగినం, చివరికి ఒప్పుకున్నరు.

జిల్లా పైసల కాడ అసలు పోటీ వేరే ఊళ్ల సీసీ రోడ్లు, సమాజ మందిరాలతోని. వాటికి ఓట్లుంటయి, బాటకేముంటయ్ చెప్పండి? ఎస్టిమేట్ల ఇంజినీరు సారు పేవర్ బ్లాకులు రాసిండు, అడవిల! అవి కొట్టేపిచ్చి మొరం, వాన నీళ్లు పోవడానికి రాళ్ల కాల్వలు, మరాఠీ తెలుగు రెండిట్ల బోర్డులు పెట్టిచ్చినం, ఖర్చు సగానికి పడిపోయింది, అదే మాకు కలిసొచ్చింది అనుకుంట.

మొదటి విడత మంజూరైంది, పూర్తిగ కాదు, బోర్డులు, కూర్చునే తావులు ఆపిండ్రు. మార్చి 31 లోపు ఖర్చు పెట్టకపోతే పైసలు వాపస్ పోతయ్, అందుకే మొరం పని ముందు పెట్టినం. బోర్డులకు సీఎస్‌ఆర్ (కంపెనీలు సమాజ సేవకు ఇచ్చే పైసలు) ఎవరన్న తెచ్చిన్రా, ఎట్ల అడిగిన్రు?