ఐదు లక్షల డాలర్ల ఆదాయం ఉన్న పెద్దలకూ ఇంటి పన్ను రాయితీ ఇవ్వాలా? (న్యూజెర్సీ)

గోదారి గట్టు, ఎడిసన్:
2023లో గవర్నర్ ఫిల్ మర్ఫీ సంతకం చేసిన ‘స్టే ఎన్‌జే’ చట్టం గురించి అడుగుతున్నాను. 65 ఏళ్లు నిండి సొంత ఇంట్లో ఉంటున్నవాళ్లకు ఇంటి పన్నులో సగం రాష్ట్రమే ఇస్తుంది, ఏడాదికి 6,500 డాలర్లు మించకుండా. యాంకర్, సీనియర్ ఫ్రీజ్ అనే వేరే రాష్ట్ర రాయితీల కింద వచ్చేది కూడా ఆ లెక్కలోనే కలుస్తుంది. ఆ చట్టం రాసినప్పుడు పెట్టిన గీత ప్రకారం ఏడాదికి 5,00,000 డాలర్లలోపు ఆదాయం ఉంటే చాలు. నా అభ్యంతరం అక్కడే. నాలుగు లక్షలు వచ్చేవాళ్లకు ఈ సాయం దేనికి?

మా అత్తగారు, మామగారు 2023లో గ్రీన్‌కార్డు మీద వచ్చారు. ఐదేళ్లు నిండితే గానీ మెడికేర్ (పెద్దల ఫెడరల్ ఆరోగ్య బీమా) కొనుక్కోలేరు. ఫ్యామిలీకేర్‌కీ (తక్కువ ఆదాయం వాళ్లకు రాష్ట్రం ఇచ్చే బీమా, అంటే ఇక్కడి మెడికెయిడ్) ఐదేళ్లు ఆగాల్సిందే. అందుకే రాష్ట్ర బీమా మార్కెట్ గెట్ కవర్డ్ ఎన్‌జేలో ఫెడరల్ సబ్సిడీతో ప్లాన్ తీసుకున్నాం. 2025 జూలైలో వచ్చిన ఫెడరల్ చట్టం వల్ల, పేదరిక రేఖకు లోపు ఆదాయం ఉన్న ఇలాంటివాళ్లకు ఆ సబ్సిడీ 2026 జనవరి నుంచి పోయింది. ప్రీమియం చూసి మా ఆయన, నేను ఆ రాత్రి నిద్రపోలేదు. మామగారు మాకు భారం కాకూడదని బీపీ మాత్రలు సగానికి విరిచి వేసుకుంటున్నారు. స్టీలు డబ్బాలో ఆ ముక్కలు నా కంటపడే దాకా మాకు తెలియదు. రాష్ట్రం దగ్గర డబ్బుంటే ముందు ఇటు రావాలి కదా?

పాత కాపు, పార్సిప్పనీ:
అమ్మా, మామగారి సంగతి చదివి మనసు కష్టమైంది. అయినా నీ మాటతో పూర్తిగా ఏకీభవించలేను.

ఈ ఇల్లు 1998లో కొన్నాం. అప్పు తీరిపోయింది, పన్ను మాత్రం తీరదు. ఫిబ్రవరి, మే, ఆగస్టు, నవంబరు ఒకటో తారీఖు వచ్చిందంటే నాకు టెన్షనే. ఏడాదికి 13,000 కడుతున్నాను. రాష్ట్ర సగటే 2024లో 10,000 దాటింది. అందులో సగానికి పైగా స్కూళ్లకే. మా పిల్లలు అవే స్కూళ్లలో చదివారు కాబట్టి కట్టనని అనను. కానీ నాకు వచ్చేది సోషల్ సెక్యూరిటీ పింఛను, కొద్దిగా 401కె (ఉద్యోగం చేసేటప్పుడు రిటైర్మెంటుకి దాచుకున్నది). ఇంటి విలువ పెరిగిందంటారు. గోడలు అమ్ముకుని పన్ను కట్టలేను కదా. పెద్దల మందుల ఖర్చుకి రాష్ట్రం ఇచ్చే పాడ్ పథకం ఉంది కాబట్టి మా ఆవిడ మందులు జెనరిక్ 5 డాలర్లకి, బ్రాండెడ్ 7కి వస్తున్నాయి. లేకపోతే నేనూ మాత్రలు విరిచేవాడినేమో.

ఆదాయ పరిమితి తగ్గిస్తే ఒక చిక్కుంది. సీనియర్ ఫ్రీజ్‌కి రెండేళ్ల ఆదాయం చూస్తారు. పైకప్పు బాగుచేయించుకోవడానికి ఒక ఏడు 401కె నుంచి పెద్ద మొత్తం తీస్తే, అదీ ఆదాయం కిందే లెక్కకొచ్చి కాగితం మీద మనం ధనవంతులమైపోతాం. గీత కింద పెట్టినకొద్దీ మధ్యతరగతి వాళ్లే జారిపోతారు.

అద్దె ఇల్లు, జెర్సీ సిటీ:
అద్దెకుండే పెద్దల ఊసే లేదు ఇక్కడ. మా అమ్మకు 71. యాంకర్ కింద ఏడాదికి 700 వస్తుంది, స్టే ఎన్‌జే వర్తించదు. ఓనరు మాత్రం పన్ను పెరిగిందని ప్రతి ఏడూ అద్దె పెంచుతాడు. ఆ పన్ను మా అమ్మ కడుతున్నట్టే కదా?

ఫ్రిస్కో నుంచి:
టెక్సాస్‌లో 65 దాటితే సొంత ఇంటి మీద స్కూలు పన్ను ఇక పెరగకుండా అక్కడే ఆగుతుంది, ఆదాయంతో పనిలేదు. 2025 నవంబరు ఓటింగుతో పెద్దల అదనపు మినహాయింపు 10,000 నుంచి 60,000కి పెరిగింది కూడా. కానీ పేదల బీమా మెడికెయిడ్‌ను మా రాష్ట్రం మరింతమందికి విస్తరించలేదు. మా బాబాయికి 61, ఉద్యోగం పోయింది, ఆదాయం పేదరిక రేఖ దాకా కూడా లేదు కాబట్టి బీమా సబ్సిడీ కూడా రాలేదు. షుగర్ పుండు ముదిరాక ఎమర్జెన్సీకి తీసుకెళ్లాం. పన్ను తగ్గించి చేతులు దులుపుకుంటే ఏమవుతుందో మా ఇంట్లో చూశాం. మీ రాష్ట్రం 2014లోనే విస్తరించింది, దాన్ని వదులుకోకండి.

గోదారి గట్టు, ఎడిసన్:
పాత కాపు గారూ, 401కె సంగతి నాకు తట్టలేదు, మీరన్నది నిజమే. అయితే ఒక ఏడాది ఆదాయం కాకుండా మూడేళ్ల సరాసరి చూడమందాం. పరిమితి రెండు లక్షలకు దించమందాం. మీలాంటివాళ్లకు ఒక్క డాలరూ తగ్గకూడదు. మిగిలేదాంట్లో కొంత అద్దెకుండే పెద్దలకు, కొంత గ్రీన్‌కార్డు మీద వచ్చి ఐదేళ్లు నిండని తల్లిదండ్రుల ప్రీమియానికి ఇవ్వాలి. మా అసెంబ్లీ సభ్యుడికి ఉత్తరం రాస్తున్నాను. మీరూ సంతకం పెడతారా?

పాత కాపు, పార్సిప్పనీ:
సరాసరి అని స్పష్టంగా రాస్తే పెడతాను. రెండు లక్షలన్నది ఇంకా ఆలోచించాలి, ఇద్దరూ ఉద్యోగం చేస్తూ 65 దాటినవాళ్లు మా వీధిలోనే ఉన్నారు. మామగారి విషయంలో మాత్రం ఆగొద్దు. కొన్ని రకాల మాత్రలు విరిస్తే మందంతా ఒక్కసారే ఒంట్లోకి దిగుతుంది, ఆ డబ్బా పట్టుకుని రేపే ఫార్మసిస్టుకి చూపించు. ఆసుపత్రిలో చేరాల్సి వస్తే చారిటీ కేర్ దరఖాస్తు అడుగు. మందులకు రాదు గానీ ఆసుపత్రి బిల్లుకు పనికొస్తుంది.