ముందు ఏ వాహనమూ లేకపోయినా క్రూజ్ కంట్రోల్‌లో కారు దానంతట అదే బ్రేకు వేస్తోంది (తిరుపతి – చిత్తూరు దారి)

ప్రశ్న – ఎమ్మార్‌పల్లె వాసి

అందరికీ నమస్కారం. నేను తిరుపతిలో ఉంటూ చిత్తూరులో ఉద్యోగం చేస్తున్నాను. వారానికి ఐదు రోజులు, రానుపోను దాదాపు 140 కిలోమీటర్లు, కిందటేడు కొన్న ఎలక్ట్రిక్ కారులోనే తిరుగుతున్నాను. అద్దం వెనుక కెమెరా, ముందు బంపరులో రాడార్ ఉన్న రెండో స్థాయి అడాస్ (డ్రైవరుకు సాయపడే ఎలక్ట్రానిక్ వ్యవస్థ) కారు ఇది. కంపెనీ పేరు ఇక్కడ రాయడం లేదు, ఎందుకంటే తప్పు ఎవరిదో ఇంకా నాకే తెలియదు. ముందు వాహనాన్ని బట్టి వేగం సర్దుకునే క్రూజ్ కంట్రోల్‌ను మొదట్లో ఎంతో ఇష్టంగా వాడాను. ఈ రెండు నెలల్లో మూడుసార్లు అది నన్ను భయపెట్టింది.

మొదటిసారి ఉదయం ఎనిమిది గంటల వేళ, చంద్రగిరి దాటాక ఒక వంతెన కిందికి వెళ్ళబోతూ ఉండగా, 85లో ఉన్న కారు ఒక్కసారిగా 60కి పడిపోయింది. దారి పూర్తిగా ఖాళీగా ఉంది, వంతెన నీడ మాత్రం రోడ్డుకు అడ్డంగా నల్లగా పరుచుకుని ఉంది. రెండోసారి సాయంత్రం తిరిగి వస్తుంటే, రోడ్డు కుడికి తిరిగే వంపులో మామిడికాయల లోడుతో ఒక ట్రాక్టరు రోడ్డు ఎడమ పక్కన మట్టిలో ఆగి ఉంది. నేను కుడి లేనులో ఉన్నాను. అయినా కారు గట్టిగా కీచుమని మోగి, డ్యాష్‌బోర్డు మీద ఎర్రగా హెచ్చరిక వెలిగి, సీటుబెల్టు ఛాతీకి బిగుసుకునేంత బ్రేకు పడింది. వెనుక సీట్లో కూర్చున్న మా అమ్మగారు ఇదంతా దిష్టి అని తేల్చేసి, మరునాడే ముందు నంబరు ప్లేటు కింద నిమ్మకాయ, మిరపకాయలు కట్టించారు. మూడోసారి, అంటే ఆ నిమ్మకాయ కట్టిన తరువాత, గాదంకి టోల్‌గేటుకు కొంచెం ముందు కారు ఏ చప్పుడూ చేయకుండా 80 నుంచి 40కి దిగిపోయింది. వెనుక వస్తున్న పాల ట్యాంకరు హారను మోగిస్తూ పక్కకు తప్పుకుని వెళ్ళింది గాని, లేకపోతే ఏమయ్యేదో ఊహించడానికి కూడా మనసు ఒప్పడం లేదు.

సర్వీసు సెంటరులో కంప్యూటరు తగిలించి చూసి, లోపమేదీ నమోదు కాలేదనీ, జాగ్రత్త కోసమే కారు అలా చేస్తుందనీ చెప్పి పంపించేశారు. మా ఆఫీసులో ఒక మిత్రుడేమో గాదంకిలో పెద్ద రాడార్ ఉంది కదా, ఆ తరంగాలే మీ కారు రాడార్‌ను తికమక పెడుతున్నాయని వాదిస్తున్నాడు. ఇది నా కారులోని లోపమా, ఎలక్ట్రిక్ కార్లన్నింటిలోనూ ఉన్నదేనా? ఆ ట్యాంకరు వచ్చి గుద్ది ఉంటే తప్పు ఎవరిది అయ్యేది?

జవాబు – రేణిగుంట బ్యాటరీ

ఎమ్మార్‌పల్లె వాసి గారూ, మీరు మూడు సంఘటనలనూ ఒకే జబ్బుగా చూస్తున్నారు. మీరు రాసిన వివరాలను బట్టి అవి మూడు వేరువేరు జబ్బులని నాకు అనిపిస్తోంది. నేను మూడేళ్ళుగా ఎలక్ట్రిక్ కారు నడుపుతున్నాను, ఈ మూడూ నాకూ ఎదురయ్యాయి.

మీ రెండో సంఘటనలో మోత, ఎర్ర హెచ్చరిక, బెల్టు బిగుసుకోవడం ఉన్నాయి కాబట్టి అది క్రూజ్ కంట్రోల్ చేసిన పని కాదు, అత్యవసర బ్రేకు చేసిన పని. క్రూజ్ ఆపేసి ఉన్నా అది పనిచేస్తూనే ఉంటుంది. వంపులో ఎదురుగా తిన్నగా కనిపించేది మన లేను కాదు, రోడ్డు అంచు. అక్కడ ఆగి ఉన్న ట్రాక్టరు సరిగ్గా కారు ముక్కుకు ఎదురుగా ఉంటుంది, మీరు స్టీరింగు తిప్పబోతున్నారని దానికి తెలిసేలోపు నిర్ణయం జరిగిపోతుంది. అమెరికాలో అత్యవసర బ్రేకులను తప్పనిసరి చేస్తూ 2024లో తెచ్చిన నియమంలో అనవసరంగా బ్రేకు పడకూడదని తేల్చే పరీక్షలు రెండున్నాయి: రోడ్డు మీద పరిచిన ఇనుప పలక మీదుగా వెళ్ళడం ఒకటి, రెండు పక్కలా ఆగి ఉన్న కార్ల మధ్యగా వెళ్ళడం ఇంకొకటి. వంపులో మామిడికాయల ట్రాక్టరు ఆ పరీక్షలో లేదు, మన జిల్లాలో మాత్రం జూన్ నెల వస్తే దామలచెరువు మండీకీ గుజ్జు ఫ్యాక్టరీలకూ వెళ్ళే ప్రతి దారిలోనూ ఉంటుంది.

మొదటి సంఘటన అసలైన దొంగ బ్రేకు, అంటే అడ్డమేదీ లేకుండానే పడే బ్రేకు. రాడార్‌కు కదిలే వస్తువు బాగా తెలుస్తుంది, కదలనిది తెలిసినా దాని ఎత్తు సరిగా తెలియదు. వంతెన, రోడ్డు మీద అడ్డంగా నిలబెట్టిన ఇనుప బోర్డు, ఆగిపోయిన లారీ, ఈ మూడూ పాత రకం రాడార్‌కు ఇంచుమించు ఒకేలా ఉంటాయి. అందుకే కెమెరా సాక్ష్యం కూడా అడుగుతారు, ఆ కెమెరా నల్లటి నీడను చూసి తడబడితే రెండు అనుమానాలు కలిసి బ్రేకు అవుతాయి. పోనీ రాడార్ తీసేస్తే బాగుపడుతుందా అంటే అదీ లేదు. టెస్లా 2021 మేలో అమెరికాలో అమ్మే మోడల్ 3, మోడల్ వై కార్లలో రాడార్ తీసేసి కెమెరాల మీదే ఆధారపడింది. 2022 ఫిబ్రవరిలో అక్కడి రహదారి భద్రతా సంస్థ, తొమ్మిది నెలల్లో వచ్చిన 354 ఫిర్యాదుల ఆధారంగా, దాదాపు 4,16,000 కార్ల మీద విచారణ మొదలుపెట్టింది. అదే నెలలో హోండా కంపెనీ 17 లక్షల వాహనాల మీద కూడా ఇలాంటి అకారణ బ్రేకుల గురించే విచారణ ప్రారంభమైంది, అవి ఎలక్ట్రిక్ కార్లు కావు. కనుక ఇది బ్యాటరీ తెచ్చిన రోగం కాదు.

అయితే ఎలక్ట్రిక్ కారులో దాని నొప్పి ఎక్కువగా తెలుస్తుందన్నది నిజం. పెట్రోలు కారులో క్రూజ్ కంట్రోల్‌కు అర క్షణం అనుమానం వస్తే ఇంజనుకు ఇంధనం తగ్గిస్తుంది, బండి తన ఊపులో దొర్లుతూ పోతుంది, అనుమానం తీరిపోతే మనకు తెలియను కూడా తెలియదు. మన కారులో అదే అర క్షణంలో మోటారు జనరేటరుగా మారి, కరెంటును బ్యాటరీకి పంపుతూ బండిని వెనక్కి పట్టేస్తుంది. ఆ పట్టు ఇంజను కంటే చాలా తొందరగా అందుకుంటుంది. రాత్రి 100 శాతం ఛార్జి పెట్టి ఉదయం బయలుదేరితే నిండిన బ్యాటరీ కరెంటు తీసుకోదు కాబట్టి ఆ పనిని మామూలు బ్రేకులు చేస్తాయి, అందువల్ల ఉదయం ఒకలా, సాయంత్రం ఒకలా కాలికి తెలుస్తుంది. దీనినే చాలామంది లోపమని పొరబడతారు.

మూడోది చాలా తేలిక. చప్పుడు లేదు, హెచ్చరిక లేదు, 80 నుంచి సరిగ్గా 40కి దిగింది. అది బ్రేకు కాదండీ, విధేయత! కెమెరా పక్క సర్వీసు రోడ్డు కోసం పెట్టిన బోర్డునో, టోల్‌గేటు ముందరి బోర్డునో చదివి, మీరు పెట్టిన వేగాన్నే మార్చేసి ఉంటుంది. సెట్టింగులలో వేగ పరిమితి బోర్డులను క్రూజ్ పాటించాలా అన్న అంశం ఉంటుంది, దానిని ఆపి అదే చోట మళ్ళీ చూడండి.

నిమ్మకాయ విషయం కూడా చెప్పాలి, అమ్మగారు మన్నించాలి. చాలా కార్లలో రాడార్ బంపరు కింది భాగంలోనో కంపెనీ చిహ్నం వెనుకో ఉంటుంది. నీరున్న వస్తువేదైనా ఆ తరంగాలను పీల్చుకుంటుంది, చెదరగొడుతుంది. దాని ముందు ఊగుతున్న నిమ్మకాయ గాని, వాహన పూజ నాటి పూలదండ గాని, చిహ్నం మీద దట్టంగా అద్దిన చందనం గాని మంచివి కావు. మొదటి రెండు సంఘటనల నాటికి నిమ్మకాయ లేదు కాబట్టి నేరం దాని మీద మోపలేము. అలాగే ఫాస్టాగ్ స్టిక్కరును కెమెరా ఎదుట అంటించారేమో కూడా చూడండి.

జవాబు – పాకాల పొరుగు

గాదంకి రాడార్ గురించి మాత్రమే రాస్తాను. జాతీయ వాతావరణ పరిశోధనా ప్రయోగశాలలోని ఆ ఎంఎస్‌టీ రాడార్ ఆకాశంలోని గాలులను పరిశీలించడానికి పైకి చూస్తుంది, రోడ్డు వైపు కాదు. అది పనిచేసేది 53 మెగాహెర్ట్జ్ దగ్గర, మీ కారు రాడార్ సాధారణంగా 77 గిగాహెర్ట్జ్ దగ్గర. అంటే రెండింటికీ మధ్య వెయ్యి రెట్లకు పైగా తేడా ఉంది. అది తికమక పెట్టేదే అయితే ముప్పై ఏళ్ళుగా అక్కడే ఉంటున్న మా ఇళ్ళలో ముందుగా రేడియోలు తికమకపడాలి. మీ మిత్రుడికి నా నమస్కారాలు చెప్పండి.

జవాబు – కొండదారి డ్రైవరు

అయ్యా, నేను పద్దెనిమిదేళ్ళుగా తిరుపతిలో టాక్సీ నడుపుతున్నాను. ఇప్పుడు మా యజమాని గారి ఎలక్ట్రిక్ కారు నా చేతిలో ఉంది. రేణిగుంట మిత్రుడు చెప్పిన శాస్త్రం నిజమే కావచ్చు, కానీ సెట్టింగులు మార్చి ఈ దారుల్లో క్రూజ్ వాడమనడం నాకు నచ్చలేదు. పెరటాసి అనే తమిళ నెలలో పుత్తూరు దారి వెంట పసుపు బట్టలు కట్టుకుని తమిళ భక్తులు బారులు తీరి నడిచి వస్తారు. కారు ప్రతి గుంపునూ రోడ్డు దాటబోతున్నారనుకుంటూ తడబడుతుంది, దానిని తప్పు పట్టడానికి కూడా లేదు, ఎందుకంటే నిజంగానే ఒక్కొక్కరు హఠాత్తుగా దాటుతారు. మనిషి డ్రైవరు అయితే వారి చూపును బట్టి గ్రహిస్తాడు.

తిరుమల కొండకు వెళ్ళి వచ్చేటప్పుడు, అందులోనూ 1944 నాటి మొదటి ఘాట్ రోడ్డులో దిగేటప్పుడు, క్రూజ్‌ను అసలు ముట్టుకోకండి. మలుపులో ముందు బండి కెమెరాకు కనిపించకుండా పోగానే దారి ఖాళీ అనుకుని కారు వేగం పెంచుతుంది, మలుపు తిరగ్గానే దానిని చూసి బ్రేకు వేస్తుంది. దిగేటప్పుడు మోటారు పట్టును మాత్రం తప్పక వాడుకోండి, అందుకోసం కొండ మీద బ్యాటరీని నిండా ఛార్జి చేయకుండా కొంత ఖాళీ ఉంచుకోండి.

జవాబు – విశ్రాంత సర్వేయరు, చిత్తూరు

వాహన బీమా సర్వేయరుగా పని చేసిన అనుభవంతో చివరి ప్రశ్నకు జవాబు రాస్తున్నాను. వెనుక నుంచి గుద్దినవాడిదే ఎప్పుడూ తప్పన్నది జనంలో ఉన్న నమ్మకం మాత్రమే. 2017 నాటి మోటారు వాహనాల డ్రైవింగ్ నిబంధనలు వెనుక వాహనానికి తగినంత దూరం పాటించే బాధ్యతను అప్పగిస్తూనే, భద్రత కోసం అవసరమైతే తప్ప ముందు వాహనం హఠాత్తుగా బ్రేకు వేయకూడదని కూడా చెబుతున్నాయి. కోయంబత్తూరులో 2017లో జరిగిన ఒక ప్రమాదంలో, హైవే మీద సంకేతం ఇవ్వకుండా కారు ఆపడం వల్ల వెనుక వచ్చిన మోటారు సైకిలు దానికి తగిలి, పడిపోయిన యువకుడి కాలి మీదుగా బస్సు వెళ్ళింది. 2025 జూలైలో సుప్రీంకోర్టు ఆ కేసులో కారు డ్రైవరుకు 50 శాతం, బస్సు డ్రైవరుకు 30 శాతం, గాయపడిన యువకుడికి 20 శాతం బాధ్యత నిర్ణయించింది. కారు ఆపినాయన తన భార్యకు వాంతి వచ్చేలా ఉందని చెప్పిన కారణాన్ని కూడా కోర్టు అంగీకరించలేదు.

అక్కడ ఆపింది మనిషి, మీ దగ్గర ఆపింది యంత్రం. కానీ రెండో స్థాయి అడాస్‌లో నడిపేది డ్రైవరే అని మీ కారు పుస్తకంలోనే రాసి ఉంటుంది, కనుక నా బ్రేకు కాదు, కారు బ్రేకు అన్న మాట ఒక్కటే మిమ్మల్ని కాపాడుతుందని నేను అనుకోను. గంటకు 80 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 22 మీటర్లు. వెనుక డ్రైవరు మీ బ్రేకు దీపం చూసి కాలు కదిపే ఒకటిన్నర సెకనులోనే అతని బండి 33 మీటర్లు వచ్చేస్తుంది, నిండు ట్యాంకరు ఆ తరువాత గాని ఆగడం మొదలుపెట్టదు. ముందూ వెనుకా డ్యాష్ కెమెరాలు పెట్టించుకోండి. సర్వీసు సెంటరుకు నోటితో చెప్పడం మానేసి తేదీ, సమయం, స్థలం రాసి ఈమెయిలు పంపి, కారులో నమోదైన సమాచారాన్ని రాతపూర్వకంగా అడగండి. "లోపం నమోదు కాలేదు" అంటే విడిభాగం చెడిపోలేదని మాత్రమే అర్థం, నిర్ణయం సరైనదని కాదు.

ఎమ్మార్‌పల్లె వాసి (మూడు వారాల తరువాత)

అందరికీ కృతజ్ఞతలు. గాదంకి విషయం తేలిపోయింది. అదే చోట డ్యాష్‌బోర్డు మీదే చూపు పెట్టమని మా తమ్ముణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని వెళ్ళాను. పక్క రోడ్డు బోర్డు దాటుతుండగానే 40 అన్న గుర్తు వెలిగి, నేను పెట్టిన 80 అంకె మారిపోవడం అతను చూశాడు. సెట్టింగు ఆపేశాక పది రోజులుగా అక్కడ ఒక్కసారి కూడా వేగం తగ్గలేదు. ఫాస్టాగ్ నిజంగానే కెమెరా గాజుకు అంచున తగులుతూ ఉంది, దానిని తీయించి కొత్తది పక్కకు అంటించాను.

వంతెన దగ్గర మాత్రం మరో రెండుసార్లు అదే జరిగింది, రెండూ ఉదయం వేళలోనే, మబ్బు పట్టిన రోజుల్లో ఒక్కసారీ జరగలేదు. తేదీలు, వీడియోలతో ఈమెయిలు పంపితే, ఈసారి సాఫ్ట్‌వేర్ విభాగానికి పంపించామని జవాబు వచ్చింది. అప్పటివరకు చంద్రగిరి రాగానే క్రూజ్ ఆపేసి, వంతెన దాటాక మళ్ళీ పెట్టుకుంటున్నాను. ఘాట్ రోడ్డులో ఎప్పుడూ వాడలేదు, ఇక వాడను కూడా.

నిమ్మకాయను అమ్మ ఒప్పుకున్న మీదట వెనుక బంపరుకు మార్చాము. రివర్సు గేరు వేసినప్పుడల్లా పార్కింగు సెన్సరు మోగుతోంది గాని, దానికి నేను అలవాటు పడుతున్నాను.