చిన్నప్పటి బొమ్మల పెట్టె బయటపడింది, దాచాలా, పిల్లలకి ఇచ్చేయాలా?

రేకుపడవ:

నమస్తే అందరికీ. ఒక సలహా కావాలి, దాంతోపాటు మీ జ్ఞాపకాలు కూడా కావాలి, అందుకే పోస్టు కాస్త పెద్దదైంది, ఓపిగ్గా చదవండి.

ఇల్లు మారే హడావిడిలో పైనున్న పాత సామాన్లన్నీ దింపుతుంటే నా బొమ్మల పెట్టె దొరికింది. వెనక్కి లాగి వదిలితే దూసుకుపోయే కారు, పడుకోబెడితే కళ్లు మూసుకునే పాప బొమ్మ, రూబిక్ క్యూబ్, కెలిడోస్కోప్, బ్యాటరీతో చప్పట్లు కొట్టే కోతి, అన్నిటికీ అడుగున నా రేకు పడవ. లోపల చిన్న దీపం వెలిగిస్తే టపటపమంటూ నీళ్ల తొట్టిలో తిరిగేది చూడండి, అదే. చేతిలోకి తీసుకోగానే వేడెక్కిన రేకు వాసన, కాలిన నూనె వాసన రెండూ ఒక్కసారే గుర్తొచ్చాయి. ఆ కారు కోసం ఎంత గోల చేశానో ఇంట్లోవాళ్లు ఇప్పటికీ చెబుతారు, కానీ దాన్ని చూస్తే ఏమీ అనిపించలేదు. రంగు పోయి, ఒక పక్క సొట్టపడిన ఈ పడవని చూస్తే మాత్రం కళ్లు చెమర్చాయి.

అడగాల్సినవి రెండు. మీరు మరిచిపోలేని బొమ్మ ఏది, అందులో ఏం గుర్తుండిపోయింది? ఇంకొకటి, మా బాబుకి 2 ఏళ్లు, పాపకి 7. వీటిలో ఏవి వాళ్ల చేతికి ఇవ్వొచ్చు, ఏవి ఇవ్వకూడదు? "ఇంకా ఎందుకు ఈ పాత చెత్త" అనేవాళ్లు ఇంట్లో ఉన్నారు గానీ, పారేసే ఉద్దేశం నాకు అస్సలు లేదు.

గోళీలసంచి:

పడవ పేరు వినగానే రాయకుండా ఉండలేకపోయాను. మా అన్నయ్యకి ఉండేది అది. వాడు దీపం వెలిగించేవాడు, నా పని గొట్టాల్లో నీళ్లు నింపడం. పడవ వెనకాల అడుగున రెండు సన్నటి గొట్టాలు ఉంటాయి కదా, వాటిని ముందే నీళ్లతో నింపాలి. ఒకదాంట్లో పోస్తుంటే రెండోదాంట్లోంచి నీళ్లు వచ్చేదాకా పోయాలి. అది చేయకుండా దీపం పెడితే పడవ కదలదు సరికదా, లోపలి రేకు మాడి పాడైపోతుంది. మీరు మళ్లీ నడిపేటప్పుడు ఇది మాత్రం మరిచిపోకండి.

అది నడిచే తీరు పెద్దయ్యాక తెలుసుకుని ఇంకా ఇష్టపడ్డాను. దీపం వేడికి లోపలి చిన్న డబ్బాలో నీళ్లు ఆవిరవుతాయి, ఆ ఆవిరి గొట్టాల్లోని నీళ్లని బయటికి తన్నేస్తుంది, గొట్టాల్లోకి వచ్చిన ఆవిరి అక్కడ చల్లబడి మళ్లీ నీరైపోతే ఆ ఖాళీలోకి బయటి నీళ్లు లోపలికి వచ్చేస్తాయి, మళ్లీ ఆవిరి, మళ్లీ తన్నుడు, సెకనులో ఇది చాలాసార్లు జరుగుతుంది. డబ్బా పైన ఉన్న పలచటి రేకు లోపలికీ బయటికీ ఊగుతుంది, టపటప చప్పుడు దానిదే. బయటికి పోయిన నీళ్లే మళ్లీ లోపలికి వస్తున్నప్పుడు పడవ ఉన్నచోటే ఊగాలి గానీ ముందుకెందుకు పోతుంది అని నాకు చాలా కాలం సందేహం. బయటికి పోయేటప్పుడు నీళ్లు ఒకే దిక్కుకి ధారగా పోతాయి, లోపలికి వచ్చేటప్పుడు గొట్టం మూతి చుట్టూ అన్ని వైపుల నుంచీ వస్తాయి, అందుకని ముందుకు తోసే బలమే ఎక్కువ. దీనికి 1891లోనే థామస్ పియో అనే ఆయన పేటెంట్ తీసుకున్నాడు. ఊగే ఆ రేకు తప్ప కదిలే ఇంజిన్ భాగం ఒక్కటి కూడా లేని బొమ్మ, ఇంత తెలివిగా చేసినది నేను ఇంకోటి చూడలేదు.

మీ పాపకి తప్పకుండా చూపించండి, కాకపోతే నిప్పుతో పని కాబట్టి మీరు పక్కనే ఉండాలి. నడిచిన వెంటనే రేకుని ముట్టుకోనివ్వకండి, బాగా కాలుతుంది.

కుట్టినచెవి:

నాది గుడ్డ కుందేలండి. ఒక చెవి ఊడిపోతే అమ్మమ్మ వేరే రంగు గుడ్డతో కుట్టి పెట్టింది, ఆ కుట్టు ఉన్న చెవినే వేళ్ల మధ్య నలుపుతూ నిద్రపోయేదాన్ని. ఆ దారం ముడి ఎక్కడుండేదో ఇప్పటికీ నా వేళ్లకి తెలుసు. ఎక్కడికెళ్లినా అది నాతో రావాల్సిందే. ఒకసారి ఇంటికొచ్చిన చుట్టాలావిడ మురికి పట్టిందని పాపం మంచికే సబ్బు పెట్టి ఉతికి ఆరేసింది. ఆ రాత్రి "ఇది నా కుందేలు కాదు" అని ఒకటే ఏడుపు. పెద్దవాళ్లకేమో ఏమీ అర్థం కాలేదు, అదే కుందేలు, పైగా శుభ్రంగా ఉంది, ఇంకేం కావాలి అన్నారు.

నేను తల్లినయ్యాక డొనాల్డ్ విన్నికాట్ అనే బ్రిటిష్ పిల్లల డాక్టరు గురించి చదివాను, ఆయన మానసిక విశ్లేషకుడు కూడా. 1953లో అచ్చయిన ఒక వ్యాసంలో సరిగ్గా ఇలాంటి వస్తువుల గురించే రాశాడు. పసిపిల్లలు ఒక దుప్పటి కొసనో, మెత్తటి బొమ్మనో పట్టుకుని వదలరు కదా, అమ్మకీ బయటి ప్రపంచానికీ మధ్య వాళ్లకి అది ఒక ఆసరా అంటాడు. ఇంకో మాట కూడా రాశాడు, దాన్ని ఉతికితే ఆ బిడ్డ అనుభవంలో తెంపు వస్తుందని, అందుకే తల్లులు అది మాసిపోయినా, వాసన వేసినా ఊరుకుంటారని. అది చదివి చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. అప్పుడు నేను ఏడ్చింది మొండితనంతో కాదు, వాసన పోయింది, నాకు సంబంధించినంతవరకు కుందేలు పోయింది.

మీకు కారు కంటే పడవే ఎక్కువ ఎందుకు అనిపించిందో నాకైతే ఇందులోనే తెలుస్తోంది. కారుని చూసి ఆశపడ్డారు, పడవతో మాత్రం గంటలు గంటలు కూర్చున్నారు, వాసన, వేడి, చప్పుడు అన్నీ ఒంటికి పట్టాయి.

ఇరుసూ_చక్రం:

పాత బొమ్మలు బాగుచేయడం నాకు చాలా ఇష్టమైన పని, అందుకే మీ రెండో ప్రశ్నకి వివరంగా చెబుతాను.

ముందు కోతి. దాని బ్యాటరీ మూత తీసి చూడండి. లోపల పాత సెల్స్ ఉండిపోయి తెల్లటి పొడిలా కట్టి ఉంటే అది సెల్ కారిన మడ్డి, చేత్తో ముట్టుకోవద్దు, గ్లవ్స్ వేసుకోండి. ఆల్కలైన్ సెల్ అయితే దూది పుల్లని కాస్త వెనిగర్‌లో ముంచి తుడిస్తే ఆ మడ్డి కరిగిపోతుంది, తర్వాత కొద్దిగా తడి గుడ్డతో తుడిచి పూర్తిగా ఆరనిచ్చి కొత్త సెల్స్ వేయండి. స్ప్రింగ్ తుప్పు పట్టి ఉంటే సన్నటి గరుకు కాగితంతో రుద్దితే చాలు. ఇలా చచ్చిపోయాయనుకున్న బొమ్మలు చాలావరకు లేచి కూర్చుంటాయి.

కారు లాగినా సరిగ్గా పోకపోతే ముందు ఇరుసు చూడండి, వెంట్రుకలూ దారాలూ చుట్టుకుని ఉంటాయి, పట్టకారుతో లాగేయండి. వెనక్కి లాగినప్పుడు లోపలున్న చుట్టల స్ప్రింగ్ బిగుస్తుంది, వదిలితే విప్పుకుంటూ చక్రాలని తిప్పుతుంది, అంతే. స్ప్రింగే విరిగితే తప్ప దానికి చావు లేదు.

పాప బొమ్మ చేతులు జిడ్డుగా, అంటుకుంటున్నట్టు ఉన్నాయా? పాత మెత్తటి ప్లాస్టిక్‌కి అది మామూలే. మెత్తదనం కోసం అందులో కలిపిన నూనెలాంటి పదార్థం ఏళ్లు గడిచేకొద్దీ పైకి ఊరుతుంది. గోరువెచ్చటి నీళ్లు, కొంచెం సబ్బుతో తుడవండి, మళ్లీ కొన్నాళ్లకి ఊరొచ్చు. ప్లాస్టిక్ కవర్లో బిగించి మాత్రం పెట్టకండి, గాలి తగిలేలా నూలు గుడ్డలో చుట్టి ఎండ పడని చోట ఉంచండి.

ఇక చిన్నబాబు సంగతి. 2 ఏళ్ల పిల్లాడు ఏది ఇచ్చినా నోట్లో పెట్టుకుంటాడు. పాత రంగుల్లో సీసం అనే విష లోహం ఉండే అవకాశం ఉంది, అమెరికాలో కూడా బొమ్మల మీద సీసం రంగుల నిషేధం 1978లో గానీ రాలేదు. కాబట్టి పెచ్చులు ఊడుతున్న రేకు బొమ్మలు ఏవీ వాడి చేతికి ఇవ్వకండి, రంగుని గీకే ప్రయత్నం కూడా చేయకండి. చిన్న ముక్కలు ఊడేవి, బటన్ సెల్ ఉండేవి కూడా వద్దు. బటన్ సెల్ మింగితే గంటల్లోనే లోపల కాలిపోతుంది, చాలా ప్రమాదం. పెద్ద పాపకి మాత్రం అన్నీ చూపించండి, మీరు పక్కన ఉండి.

కిటికీపక్కన:

నాకు బాగా గుర్తున్నది నాది కాని బొమ్మ. కళ్లకి పెట్టుకుని మీట నొక్కితే ఒక్కో ఫోటో కనిపించేది, వ్యూమాస్టర్. మా క్లాసులో ఒకమ్మాయికి ఉండేది, వాళ్లింట్లో అందరం వరసగా నిలబడి చూసేవాళ్లం. వెలుతురు వైపు తిరగాలి కాబట్టి కిటికీ దగ్గర చోటు కోసం తోపులాట. మీట నొక్కగానే టక్ మని శబ్దం, ఒక క్షణం చీకటి, తర్వాత ఫోటో. నాకు ఫోటోల కంటే ఆ చీకటి క్షణమే ఇష్టంగా ఉండేది, తర్వాత ఏమొస్తుందో అని ఊపిరి బిగబట్టేదాన్ని.

అందులో పెట్టే గుండ్రటి అట్ట మీద 14 చిన్న ఫిల్మ్ ముక్కలు ఉంటాయి, కానీ కనిపించేవి 7 దృశ్యాలే. ఎందుకంటే ప్రతి దృశ్యానికీ ఎడమ కంటికి ఒకటి, కుడి కంటికి ఒకటి, రెండూ కాస్త ఎడంగా తీసినవి, వాటిని మెదడు కలుపుకుని లోతు చూపిస్తుంది. 1939లో న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనలో దీన్ని జనానికి చూపించారట, ఇన్నేళ్లూ ఆ పద్ధతి మారలేదు.

తర్వాత కొనుక్కునే స్తోమత వచ్చింది, కొనుక్కున్నాను కూడా. బాగుంది, నిజంగా బాగుంది. కానీ నా వంతు ఎప్పుడొస్తుందా అని ఎదురుచూసిన ఆ వరస లేదు. అందుకే చెబుతున్నాను, మీ పాప స్నేహితులని కూడా పిలవండి, ఆ పడవ చుట్టూ నలుగురు పిల్లలు వంగి చూడాలి.

అరుగుమీదాట:

పైన అందరూ జ్ఞాపకాల గురించీ జాగ్రత్తల గురించీ చెబుతున్నారు, నాది వేరే మాట. సీసం, బటన్ సెల్ లాంటి ప్రమాదం లేనివన్నీ పిల్లలకి ఇచ్చేయండి, విరిగితే విరగనివ్వండి. గాజు బీరువాలో పెట్టిన బొమ్మని మా ఇంట్లో చూస్తూ పెరిగాను, దాన్ని ఎవరూ ఆడనివ్వలేదు, అదిప్పుడు ఎక్కడుందో ఎవరికీ పట్టదు. ఆడి ఆడి మూలలు అరిగిన లెగో ముక్కలు మాత్రం నా తర్వాత మా తమ్ముడు, వాడి తర్వాత వాడి పిల్లలు ఆడుతున్నారు. 1958లో పేటెంట్ చేసిన కొలతలే ఇప్పటికీ కాబట్టి పాతవి కొత్తవాటిలో చక్కగా అతుక్కుంటాయి, దానికన్నా గొప్ప సంగతి ఏముంటుంది చెప్పండి.

మీ రూబిక్ క్యూబ్ బిగుసుకుపోయి ఉంటే పాపనే తిప్పనివ్వండి. ఒక్క చిన్న సంగతి చెప్పి వదిలేయండి, ప్రతి ముఖం మధ్యలో ఉన్న గడి ఎప్పుడూ చోటు మారదు, కాబట్టి మధ్యలో ఎరుపు ఉంటే ఆ ముఖం ఎరుపే కావాలి. ఏ స్థితిలో ఉన్నా 20 తిప్పుల్లో సరిచేయొచ్చని 2010లో కంప్యూటర్ లెక్కలతో తేల్చారు, అది మాత్రం ఇప్పుడే చెప్పకండి, తనకి తానుగా ఒక ముఖం పూర్తి చేసిన రోజు చెప్పండి.

రేకుపడవ:

అందరికీ చాలా థాంక్స్. కుట్టినచెవి గారూ, మీ కుందేలు సంగతి మా అమ్మకి చదివి వినిపించాను. గోళీలసంచి గారు చెప్పినట్టు గొట్టాలు నింపి పడవని నీళ్లలో పెట్టాను, ఒక గొట్టం మూసుకుపోయినట్టుంది, నీళ్లు పోవట్లేదు. పాప బొమ్మకి ఒక కన్ను మూతపడి తెరుచుకోవడం లేదు. ఇరుసూ_చక్రం గారూ, ఈ రెండూ ఇంట్లో చేసుకోగలనా?

ఇరుసూ_చక్రం:

చేసుకోవచ్చు. గొట్టంలోకి వెనిగర్ ఎక్కించి ఒక రాత్రి వదిలేయండి, మర్నాడు సిరంజితో మంచినీళ్లు నెమ్మదిగా పంపండి. గట్టి తీగతో పొడవకండి, లోపలి అతుకు ఊడితే పడవ ఇక నడవదు. బొమ్మ కంటి వెనక చిన్న బరువు ఉంటుంది, పడుకోబెట్టినప్పుడు అది జారడం వల్లే రెప్ప మూతపడుతుంది. దుమ్ము చేరి అది ఇరుక్కుని ఉంటుంది. తలని బోర్లా పట్టుకుని మెల్లగా తట్టండి, రెప్ప అంచున మెత్తటి పొడి బ్రష్‌తో దులపండి. నీళ్లు మాత్రం కంట్లోకి పోనివ్వకండి, లోపలి ఇనుము తుప్పు పడుతుంది. అప్పటికీ తెరుచుకోకపోతే కంటిని దగ్గర నుంచి ఫోటో తీసి ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను.