అప్‌డేట్: నాగావళి చేపలు, ఏడో నెల చెల్లి

పోయిన నెల అడిగాను కదా, మాది శ్రీకాకుళం, నాగావళి చేపలు వారం వారం తింటాం, చెల్లికి ఏడో నెల, చింతపండు పులుసులో బాగా మరిగిస్తే పాదరసం, సీసం పోతాయా అని. పోవండి. పాదరసం చేప కండలోనే పట్టేసి ఉంటుంది, ఎంత ఉడికించినా అంతే, పైగా తల్లి రక్తంలోంచి బిడ్డ మెదడు దాకా వెళ్తుంది.

డాక్టరమ్మ చేపలు మానొద్దన్నారు, రకం మార్చమన్నారు. వాలుగ లాంటివి చిన్న చేపల్ని తిని పెరుగుతాయి కాబట్టి వాటిలో పాదరసం ఎక్కువ చేరుతుంది, అందుకే ఇప్పుడు పరిగెలు, చిన్న బొచ్చెలే తెస్తున్నాం.

నిన్న నానమ్మ కత్తిపీట ముందు కూర్చుని బొచ్చె కోస్తూ, ఎప్పటిలాగే కార్జం చెల్లి కోసం గిన్నెలో పక్కన పెట్టింది. నేను తీసి పారేశాను, సీసం, కాడ్మియం అనే ఇంకో విష లోహం ఎక్కువగా చేరేది కార్జం, మొప్పల్లోనే. చాలా కోప్పడింది. జపాన్‌లో మినమాటా దగ్గర ఫ్యాక్టరీ పాదరసం చేపల్లో చేరి, 1956లో ఆ చేపలు తిన్నవాళ్ల జబ్బు బయటపడిందని, పైకి బాగానే కనిపించిన తల్లులకి కూడా జబ్బుతో బిడ్డలు పుట్టారని చెప్పాక, మారు మాట్లాడకుండా మొప్పలు కూడా తీసేసింది.

చేపలు పరీక్ష చేయించమని అర్జీ పెట్టాం, ఇంకా జవాబు లేదు. రాగానే చెప్తాను.