పాత రెగే క్యాసెట్టు: ఒకే బాణీలో ఇన్ని పాటలెందుకు? సాయం చేయండి

క్యాసెట్ కాలం (ప్రశ్న):

గ్రూపులో సంగీతం తెలిసినవాళ్లకు నమస్కారం. 1995లో వరంగల్ హాస్టల్లో ఉన్నప్పుడు మా రూమ్మేటు వాళ్లన్న దుబాయ్ నుంచి ఒక 90 నిమిషాల క్యాసెట్ తెచ్చిచ్చాడు. ఎవరో రకరకాల పాటలు ఎక్కించిన క్యాసెట్ అది. పాటల పేర్లు లేవు, గాయకుల పేర్లు లేవు, పైన పెన్నుతో "రెగే మిక్స్" అని మాత్రం ఉంది. చదువు అయ్యేదాకా అదే విన్నాం. ఇప్పుడు వచ్చే నెలలో బ్యాచ్ అంతా పెళ్లాం పిల్లలతో కలుస్తున్నాం. ఆ పాటలన్నీ వెతికి లిస్టు తయారుచేసే పని నా నెత్తిన పడింది.

క్యాసెట్ నా దగ్గరే ఉంది, పాత టేప్ రికార్డర్లో ఆడుతోంది కూడా. కొన్ని పట్టుకున్నాను, కొన్ని దగ్గర బుర్ర తిరిగిపోతోంది. ఒక ఆడగొంతు "నో నో నో" అని పాడుతుంది. యాప్‌లో వెతికితే ఒకే పేరు మీద గంపెడు వచ్చాయి. ఇద్దరమ్మాయిలు కబుర్లు చెప్పుకుంటున్నట్టు పాడే పాట ఒకటుంది. అది వేస్తే మా అమ్మాయి "ఇది షాన్ పాల్ పాట కదా నాన్నా" అంది! క్యాసెట్ 1995ది, షాన్ పాల్ ఆ తర్వాత వచ్చాడు. అదెలా? పైగా యాప్‌లో ఏ పాట పెట్టినా నా క్యాసెట్‌లో ఉన్నదానికంటే గబగబా నడుస్తున్నట్టుంది. ఫోన్లో వింటే ఆ పాత కిక్కూ రావట్లేదు. ఇక పిల్లల ముందు ఏవి వేయొచ్చో, ఏవి వేయకూడదో అదో టెన్షన్. ఆ ఇంగ్లీషు నాకు సగం అర్థం కాదు.

పాత రికార్డుల పిచ్చి:

మీ అమ్మాయి చెవి మంచిది. ముందు ఆ సంగతి తేలిస్తే మిగతావి సగం వాటంతటవే విడిపోతాయి.

రెగే పుట్టింది జమైకాలో. అక్కడి పాటల్లో రిడిమ్ అని ఒకటుంటుంది. బేస్ గిటారు, డ్రమ్స్ కలిసి నడిపే వాద్య బాణీ అన్నమాట. దానికి విడిగా ఒక పేరుంటుంది. దాని మీద ఈ ఏడాది ఒకరు పాడతారు, పదేళ్లకు ఇంకొకరు వేరే మాటలతో పాడతారు. మన బతుకమ్మ దగ్గర ఉయ్యాలో బాణీ ఒకటే, కథలు వేరు. ఎవరూ "కాపీ" అనరు కదా, కొంచెం అలాంటిది. కాబట్టి గాయకుడి పేరు పట్టుకుని వెతక్కండి, రిడిమ్ పట్టుకుని వెతకండి.

మీ ఇద్దరమ్మాయిలు ఆల్తియా అండ్ డోనా. పాట 'అప్‌టౌన్ టాప్ ర్యాంకింగ్'. అప్పటికి వాళ్లకు పదిహేడు, పద్దెనిమిదేళ్లు. 1978 ఫిబ్రవరిలో బ్రిటన్‌లో మొదటి స్థానానికి వెళ్లింది. దాని కింద ఉన్న బాణీ 1967 నాటిది. ఆల్టన్ ఎల్లిస్ కింగ్‌స్టన్‌లోని స్టూడియో వన్‌లో పాడిన 'ఐ యామ్ స్టిల్ ఇన్ లవ్' దాని మూలం. 1970ల చివర్లో నిర్మాత జో గిబ్స్ ఆ బాణీని కొత్తగా వాయించి మార్షా ఐట్‌కెన్ చేత పాడించాడు. దాని మీదే ట్రినిటీ అనే ఆయన తన త్రీ పీస్ సూటు గురించి డాబుసరిగా పాడాడు. ఆ డాబుకు ఎదురు జవాబే ఈ అమ్మాయిల పాట. ఆ తర్వాత షాన్ పాల్ 2002 నాటి 'డటీ రాక్' ఆల్బమ్‌లో సాషాతో కలిసి ఆల్టన్ ఎల్లిస్ పాటనే మళ్లీ పాడాడు. మీ అమ్మాయి విన్నది అది. వరసగా ఈ ఐదూ పెట్టుకుని వినండి, ఒక సాయంత్రం ఎలా గడిచిందో తెలియదు.

"నో నో నో" గొంతు డాన్ పెన్‌ది. ఆవిడ ఈ పాటను రెండుసార్లు పాడింది. 1967లో స్టూడియో వన్‌కు పాడినది నెమ్మదిగా, కాస్త మసకగా ఉంటుంది. తర్వాత స్టీలీ అండ్ క్లీవీ అనే జోడీ నిర్మాతలు ఆవిడ చేతే మళ్లీ పాడించారు. 1994లో ప్రపంచమంతా మోగింది అదే. మీ క్యాసెట్ 1995ది కాబట్టి రెండోదే అయ్యుండాలి. బేస్ గుండెకు తగిలేలా, డ్రమ్స్ టకటకా శుభ్రంగా వినబడితే 1994. యాప్‌లో రిహానా పాడినదీ వస్తుంది, అది 2005ది, వదిలేయండి.

ఇంకో మాట. యాప్‌లో పాట పక్కన ఉండే సంవత్సరాన్ని నమ్మొద్దు. అది ఆ సంకలనం విడుదలైన సంవత్సరం, పాట పుట్టినది కాదు. 1967 పాట పక్కన 2006 అని ఉంటుంది. పైగా చాలామంది గాయకులు పెద్దయ్యాక తమ హిట్లనే మళ్లీ పాడి ఇచ్చారు, బొమ్మేమో పడుచు వయసుది పెడతారు. నిర్మాత పేరు చూడండి, రికార్డుల వివరాలుండే డిస్కాగ్స్ వెబ్‌సైట్లో ఆ సింగిల్ మొదట ఏ లేబుల్ మీద వచ్చిందో చూడండి. స్టూడియో వన్ పాటలకైతే సోల్ జాజ్ వాళ్ల సంకలనాలు, 1970ల వాటికి ట్రోజన్, 1980ల డాన్స్‌హాల్‌కు (రెగే నుంచి పుట్టిన డాన్సు పాటలు) గ్రీన్‌స్లీవ్స్, వీపీ అనే లేబుళ్లు. వీటిలో దొరికింది తీసుకుంటే దాదాపుగా మోసపోరు.

సౌండ్ సర్వీస్, విజయవాడ:

అన్నా, యాప్‌లో పాట గబగబా నడవట్లేదు. నీ టేప్ రికార్డరే నెమ్మదిగా తిరుగుతోంది. లోపల రబ్బరు బెల్టు సాగిపోయుంటుంది. ఒక పరీక్ష చెయ్: ఫోన్లో పాట, క్యాసెట్‌లో పాట ఒకేసారి మొదలుపెట్టు. క్యాసెట్ పోనుపోను వెనకబడుతూ, శ్రుతి కూడా కిందికి ఉంటే అది మిషన్ జబ్బు. మాటలో వాయిద్యాలో తేడాగా ఉంటే మాత్రం పాటే వేరు. బెల్టుకు పెద్ద ఖర్చేం కాదు. మార్చాక కూడా తేడా ఉంటే చాలా మిషన్లలో మోటారు వెనక చిన్న కన్నం ఉంటుంది, లోపల స్క్రూ. సన్న స్క్రూడ్రైవర్‌తో వెంట్రుకవాసి తిప్పితే వేగం మారుతుంది. వెంట్రుకవాసి అన్నాను, గుర్తుపెట్టుకో. హెడ్డునీ, పక్కన తిరిగే నల్ల రబ్బరు రోలర్‌నీ స్పిరిట్ అద్దిన దూదితో తుడువు.

కిక్కు సంగతి. బేస్ గిటారులో అన్నిటికన్నా కింది తీగ 41 హెర్ట్జ్. ఫోన్ స్పీకర్‌కు ఆ లోతు వినిపించే శక్తే లేదు. రెగేలో పాటను మోసేదే బేస్. ఫోన్ స్పీకర్లో రెగే అంటే పప్పు లేని పప్పన్నం. మంచి ఇయర్‌ఫోన్స్ పెట్టుకో, లేదా పెద్ద బాక్సులకు కలుపు. ఫంక్షన్‌లో సౌండ్ వాళ్లకు ముందే చెప్పు, మన పెళ్లి బరాత్‌కి పెంచినట్టు బేస్ పెంచొద్దని. ఈ పాటల్లో అది ముందే దండిగా ఉంటుంది. ఇంకా పెంచితే గొంతు మునిగిపోతుంది, హాలు అద్దాలు మోగుతాయి.

క్యాసెట్ కాలం:

బెల్టు అని అస్సలు తట్టలేదు! ముప్పై ఏళ్లుగా ఆ పాటల అసలు వేగం ఇదే అనుకుంటున్నాను. రేపే విప్పుతాను.

నాకో అనుమానం:

అడ్డు వస్తున్నందుకు ఏమనుకోకండి. బతుకమ్మ పాటకు కట్టినవాళ్లెవరో తెలియదు, అది ఊరందరిదీ. ఇక్కడ ఆల్టన్ ఎల్లిస్ అని పేరుంది, స్టూడియో ఉంది, సంవత్సరం ఉంది. ఆ బాణీ వాడుకుని ఇంకొకరు డబ్బు చేసుకుంటే అది దొంగతనం కాదా?

పాత రికార్డుల పిచ్చి:

అనుమానం న్యాయమైనదే, నా పోలిక అక్కడ కుంటింది. వాడుకోవడం తప్పు కాదన్నది అక్కడి సంప్రదాయం. డబ్బు పంచకపోవడం మాత్రం ముమ్మాటికీ తప్పే, అది చాలానే జరిగింది. వాద్యకారులకు ఆ పూట కూలి ఇచ్చి పంపేసేవారు. బాణీ ఎన్నిసార్లు తిరిగొచ్చినా వాళ్లకు వచ్చేదేమీ ఉండేది కాదు.

సిస్టర్ నాన్సీ 'బామ్ బామ్' తీసుకోండి. 1982 పాట. దాని కింద ఉన్నది స్టాలగ్ రిడిమ్, నిర్మాత విన్‌స్టన్ రైలీ 1973లో ఆన్సెల్ కాలిన్స్‌తో చేయించినది. 1985లో టెనర్ సా 'రింగ్ ది అలారం' కూడా దీని మీదే. 'బామ్ బామ్' ఎన్ని సినిమాల్లో, ఎన్ని ర్యాప్ పాటల్లో వాడారో లెక్కలేదు. ఆవిడకు మాత్రం ముప్పై ఏళ్లకు పైగా పైసా రాలేదని ఆవిడే చెప్పారు. 2014లో టీవీ ప్రకటనలో తన గొంతు తనే విని, అప్పుడు లాయర్‌ని పెట్టుకున్నారు. అన్నాళ్లూ అమెరికాలో బ్యాంకు ఉద్యోగం చేసుకుని బతికారు. ఈ పాట విన్నప్పుడల్లా నాకు అదే గుర్తొస్తుంది.

దీనికి తిరగేసిన కథ ఒకటుంది. 1985లో వేన్ స్మిత్ 'అండర్ మీ స్లెంగ్ టెంగ్' పాటతో డాన్స్‌హాల్ మొత్తం కంప్యూటర్ దారి పట్టింది. ఆ బాణీ ఏ జమైకా వాద్యకారుడిదీ కాదు. కాసియో ఎంటీ-40 అనే చిన్న కీబోర్డులో 'రాక్' అనే మీట నొక్కితే దానంతట అదే మోగే తాళం అది. నిర్మాత కింగ్ జామీ దాన్ని నెమ్మది చేసి వాడుకున్నాడు. ఆ తాళాన్ని కీబోర్డులో పెట్టినావిడ హిరోకో ఒకుడా, అప్పుడే కాసియోలో చేరిన జపాన్ అమ్మాయి. ఆవిడ కాలేజీలో పరిశోధనా వ్యాసం రాసిందే రెగే మీద!

బర్మింగ్‌హామ్ తెలుగు:

పిల్లల సంగతి నేను చెబుతాను. మా ఇంట్లో ఇద్దరున్నారు, దెబ్బతిని నేర్చుకున్నాను.

1980ల నుంచి 90ల మొదటిదాకా వచ్చిన డాన్స్‌హాల్‌లో 'స్లాక్‌నెస్' అని ఒక ధోరణి ఉంది. పచ్చి బూతు అన్నమాట. యెల్లోమాన్, షబ్బా రాంక్స్ పాటల్లో బోలెడు. తాళం పిల్లలకు తెగ నచ్చుతుంది, మాటలు జమైకా యాసలో ఉంటాయి కాబట్టి మనకు ఎక్కదు. మీ పిల్లలు మాత్రం నెట్‌లో సాహిత్యం చూసి మీ మొహం చూస్తారు. బూతు కాకపోయినా తుపాకీ గొప్పలు, స్వలింగ సంపర్కుల మీద ద్వేషం ఉన్నవీ ఉన్నాయి. బుజు బాంటన్ కుర్రతనంలో పాడిన అలాంటి పాటను 2019లో తనే తన జాబితాలోంచి తీసేశాడు. యాసలో ఉన్న ఏ డాన్స్‌హాల్ పాటనైనా సాహిత్యం ఒకసారి చదివాకే లిస్టులో వేయండి.

భయం లేకుండా వేసుకోవాలంటే 'పాస్ ది డచీ' ఉంది, 1982. మా ఊరి బడిపిల్లలు, మ్యూజికల్ యూత్ పాడారు. అసలు పాట మైటీ డైమండ్స్ వాళ్ల 'పాస్ ది కూచీ'. కూచీ అంటే గంజాయి పీల్చే గొట్టం తాలూకు గిన్నె. పిల్లలు పాడాలి కదా అని దాన్ని డచీ చేశారు, వంట గిన్నె. గంజాయి చుట్టూ తిరిగిన పాట కాస్తా ఆకలి పాట అయిపోయింది, నాకైతే ఇదే ఎక్కువ నచ్చుతుంది. అన్నట్టు జమైకా వాళ్లు గంజాయిని 'గాంజా' అనే అంటారు. 1845 నుంచి చెరకు తోటలకు కూలికి వెళ్లిన మనవాళ్లతో ఓడెక్కిన మాట అది.

ప్రేమ పాటలు కావాలంటే డెన్నిస్ బ్రౌన్, జానెట్ కే, బెరెస్ హామండ్. ఏ అత్తగారి ముందైనా పెట్టొచ్చు.

మీ క్యాసెట్ తర్వాతదే అయినా 2002 నాటి 'దివాళీ' రిడిమ్ మాత్రం కలపండి. అవును, మన దీపావళే. లెంకీ అనే స్టీవెన్ మార్స్‌డెన్ కట్టిన బాణీ, చప్పట్లతో నడుస్తుంది. షాన్ పాల్ 'గెట్ బిజీ' దీని మీదే, 2003లో అమెరికాలో మొదటి స్థానం. వేన్ వండర్ 'నో లెటింగ్ గో' కూడా దీని మీదే. రెండూ వెంటవెంటనే వేస్తే హాల్లో రిడిమ్ అంటే ఏమిటో ఎవరికీ చెప్పక్కర్లేదు.

మేడమ్ సండే స్కూల్:

బోనీ ఎం క్యాసెట్టు లేని ఇల్లు ఆ రోజుల్లో మా వీధిలో లేదు. 'రివర్స్ ఆఫ్ బాబిలోన్' కూడా జమైకా పాటేనా తమ్ముడూ? చర్చిలో 137వ కీర్తన చదివినప్పుడల్లా ఆ రాగం నోట్లోకి వస్తుంది.

పాత రికార్డుల పిచ్చి:

జమైకాదే అక్కా. మెలోడియన్స్ అనే ముగ్గురు 1970లో పాడారు. బోనీ ఎం వాళ్లది 1978. మీరన్న కీర్తనే, బబులోను నదుల దగ్గర కూర్చుని ఏడ్చినవాళ్ల గోడు. రాస్తఫారీలకు, అంటే జమైకాలో పుట్టిన ఒక మతం వాళ్లకు, బబులోను అంటే తమను ఆఫ్రికా నుంచి ఎత్తుకొచ్చి అణిచిన వ్యవస్థ, ఇంకా మాట్లాడితే వీధి చివర పోలీసు. అది తెలిశాక మెలోడియన్స్‌ది ఒకసారి వినండి. బోనీ ఎం దాన్ని డిస్కో చేసేశారు, పాపం వాళ్ల తప్పేం లేదు, మనందరం ఆడాం.

క్యాసెట్ కాలం:

వారం తర్వాత వచ్చాను. బెల్టు మార్చాను, వేగం సరిపోయింది. డాన్ పెన్ 1994ది అచ్చుగుద్దినట్టు కలిసింది. ఒక్కటి మాత్రం కలవలేదు. 'ఓ కరొలీనా' అని ఉంది కదా, యాప్‌లో షాగీది వస్తోంది. నా క్యాసెట్‌లో మగవాళ్లు కోరస్‌గా పాడుతున్నారు, వెనక ఏదో జాతరలో డప్పుల్లాంటి మోత. బెల్టు మార్చినా అది అంతే.

పాత రికార్డుల పిచ్చి:

ఎక్కించినవాడు ఎవడో గాని రసికుడండీ! షాగీది 1993. మీ దగ్గరున్నది దాని తాత, ఫోక్స్ బ్రదర్స్ పాడినది, 1960ల మొదట్లోది. ప్రిన్స్ బస్టర్ నిర్మాత. ఆ డప్పులు కౌంట్ ఆసీ బృందం వాయించినవి, రాస్తఫారీల భజన డ్రమ్ములు. రెగే అన్న మాట పుట్టకముందు పాట అది. షాగీ హిట్టయ్యాక ఈ పాట ఎవరిదని లండన్‌లో కోర్టుదాకా వెళ్లింది, తీర్పు జాన్ ఫోక్స్‌కు అనుకూలంగా వచ్చింది. పైన అనుమానం అడిగినవారికి ఇదీ ఒక జవాబు.

క్యాసెట్ కాలం:

దొరికింది, అదే. రెండూ పక్కపక్కన పెట్టాను, ముందు తాత, తర్వాత మనవడు. సౌండ్ అతనికి బేస్ ముట్టుకోవద్దని చెప్పేశాను. షాన్ పాల్‌ది కూడా వేయాల్సిందేనని మా అమ్మాయి పట్టుబట్టింది. వేస్తాను, ఆల్టన్ ఎల్లిస్ అయ్యాక.